గోపాల్‌పూర్‌లో మా మేడకి మనుషులు ఎలా వచ్చారంటే

మా అత్తగారు పోయాక పై వాటా రెండేళ్ళు తాళం వేసి ఉంచాం. సముద్రపు గాలికి మూసి ఉంచిన ఇల్లు ఏమైపోతుందో ఒడిశా తీరాన మా గోపాల్‌పూర్‌లో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు తుప్పు పట్టి పెచ్చులూడతాయి. ఫ్యాను రెక్కల మీద ఉప్పు జిగట పేరుకుంటుంది. బీరువాలో మడతపెట్టిన దుప్పట్లకి కూడా బూజు వాసన వచ్చేస్తుంది. ఏడాదికోసారి రంగులు, రిపేర్లు అన్నీ మా వారి పింఛనులోంచే. బెంగళూరులో ఉన్న మా పెద్దాడు ఒకసారి వచ్చి చూసి, "మేడ ఇలా పాడుబెట్టుకోడం దేనికమ్మా? సముద్రానికొచ్చేవాళ్ళకి రోజువారీ అద్దెకిద్దాం. నేను నెట్‌లో పెడతాను, నువ్వు తాళంచెవి ఇస్తే చాలు" అన్నాడు.

తాళంచెవి ఇస్తే చాలదని తెలియడానికి నాకు దగ్గర దగ్గర ఏడాది పట్టింది.

పైన రెండు పడక గదులు, ఓ వంటిల్లు, ముందు పెద్ద డాబా. కింద మేమిద్దరం ఉంటాం. మా అత్తవారిది నాలుగు తరాలుగా ఈ ఊరే. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, అంటే 1936కి ముందు, మా మావగారి తండ్రి ఇక్కడి రేవులో లెక్కలు రాసేవారట. ఇక్కణ్ణించి బర్మాలోని రంగూనుకి పొగ ఓడలు వెళ్ళేవి. మన తెలుగువాళ్ళు ఎంతమంది ఈ ఒడ్డున నిలబడి కూలికి ఓడెక్కారో మా అత్తగారు కథలు కథలుగా చెప్పేవారు. ఆ కబుర్లు ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళకి కావాలని అప్పట్లో నాకు తోచలేదు.

పిల్లాడు పెట్టిన ప్రకటనలో ఉన్నదింతే: సముద్రం ఒడ్డున, సకల సౌకర్యాలతో, ప్రశాంతమైన ఇల్లు. రోజుకి 2,200. ఫోటోలు ఆరు, అన్నీ ఫోనుతో సాయంత్రం లైట్లేసి తీసినవి. మొదటి ఆరు నెలల్లో నా నోటుబుక్కులో పడినవి పదకొండు రాత్రులు. అందులో మూడు మా ఆడపడుచు తరఫు చుట్టాలవి, వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు.

ధర ఎక్కువైందేమో అనుకున్నాం. 1,800 చేశాం, ఆపైన 1,400 చేశాం. అప్పుడు వచ్చారు, కాకపోతే ఎవరొచ్చారంటే, శనివారం సాయంత్రం బైకుల మీద ఆరుగురు కుర్రాళ్ళు. ముగ్గురమని బుక్ చేసి ఆరుగురు దిగారు. డాబా మీద రాత్రి రెండింటి దాకా పాటలు. ఎదురింటి పెద్దాయన తెల్లారి మా గుమ్మం దగ్గరికొచ్చి, "మీ అత్తగారుంటే ఇలా జరిగేదా తల్లీ?" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

లెక్క కూడా కుదరలేదు. ఒక్క రాత్రికి వచ్చినా దుప్పట్లు ఉతికించాలి, పనమ్మాయికి ఇవ్వాలి, ఏసీ కరెంటు, సైటు కమీషను. 1,400లో అవన్నీ పోగా చేతిలో ఆరేడు వందలు మిగిలేవి. అదే మనిషి రెండు రాత్రులుంటే ఉతుకూ ఊడుపూ ఒక్కసారే. ఈ సంగతి కాగితం మీద వేసుకునేదాకా నాకు తట్టలేదు. రోజువారీ అద్దెకిచ్చే ఇంట్లో ఎంతమంది వచ్చారన్నదానికన్నా, వచ్చినవాళ్ళు ఎన్ని రాత్రులున్నారన్నది చూసుకోవాలి.

ఆ తర్వాత వచ్చింది ఆ రివ్యూ. భువనేశ్వర్ నుంచి ఒక కుటుంబం, ముసలి తల్లితో సహా. రెండు నక్షత్రాలిచ్చి రాశారు: "సముద్రం ఒడ్డున అన్నారు. డాబా మీంచి కొబ్బరి చెట్లూ పక్కింటి నీళ్ళ ట్యాంకూ కనిపించాయి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మా అమ్మ ఎక్కలేక ఏడ్చింది."

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెట్ల మధ్యలో కూర్చుండిపోవడం నేను కళ్ళారా చూశాను. మంచినీళ్ళిచ్చాను, అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు. ఆ రాత్రి మా వారికి రివ్యూ చదివి వినిపించాను. ఆయన రైల్వేలో పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అంతా విని, "పైన రాసిందొకటీ లోపలున్నదొకటీ అయితే సరుకు తీసుకున్నవాడు ఊరుకోడు కదా. ముందు చీటీ మార్చు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర్నించి ఇసుక దాకా నడిచాను, గడియారం చూసుకుంటూ. నా నడకకి తొమ్మిది నిమిషాలు. మెట్లు లెక్కపెట్టాను, ఇరవై ఒకటి. డాబా మీద నిలబడి చూశాను. రెండు కొబ్బరి చెట్ల మధ్య చీర అంచంత సముద్రం కనబడుతుంది, ఆగ్నేయం మూలకి వెళ్తే లైట్‌హౌస్ కనబడుతుంది, రాత్రి అలల చప్పుడు బాగా వినబడుతుంది. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైట్లూ ఫ్యాన్లూ తిరుగుతాయి గానీ ఏసీ ఆగిపోతుందని రాశాను. చలికాలం మధ్యాహ్నాలు గాలి అటు తిరిగితే జాలరి వీధి నుంచి ఎండుచేపల వాసన వస్తుందని రాశాను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఈ మేడ పనికిరాదు, వేరే చోట కింది గదులు చూసుకోండని కూడా రాశాను. పెద్దాడు ఫోన్ చేసి "ఇలా రాస్తే ఎవరొస్తారమ్మా?" అని గాభరా పడ్డాడు.

అడిగేవాళ్ళు తగ్గారు. నిజమే. కానీ అడిగినవాళ్ళలో వచ్చేవాళ్ళు పెరిగారు. ముందు ఇరవై మంది అడిగితే ఒకరు బుక్ చేసేవారు, "సీ వ్యూ ఉందా, లిఫ్ట్ ఉందా" అని అడిగి మాయమైపోయేవారు. మార్చాక శ్రీకాకుళం నుంచి ఒక మాస్టారి కుటుంబం మూడు రాత్రులకి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆ మాస్టారు, "ఇరవై ఒక్క మెట్లని రాశారు చూడండమ్మా, అది చదివి మిగతావన్నీ నమ్మేశాం" అన్నారు.

ఫోటోల విషయానికి మా తోడికోడలి కూతురు సాయం చేసింది. బరంపురంలో చదువుకుంటోంది. పొద్దున్న ఏడింటికి రమ్మంటే ఆరున్నరకే వచ్చింది, "పెద్దమ్మా, లైట్లన్నీ ఆర్పీ, కర్టెన్లు తీసీ" అంటూ. ఫోను నిలువుగా కాకుండా అడ్డంగా పట్టుకుని, గది మూలలో నడుం ఎత్తులోంచి తీసింది. నేను దాచేద్దామనుకున్నవే ముందు తీయించింది: బాత్రూము, గీజరు, బకెట్టు, మగ్గు, మెట్లు కింద నుంచి పైకి. బాత్రూము ఫోటో లేని ఇల్లు తనైతే బుక్ చెయ్యనంది. ఆడపిల్ల కాబట్టి ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. మొదటి బొమ్మగా మంచం కాకుండా డాబా పెట్టాం, రెండు పేము కుర్చీలు, వెనక లైట్‌హౌస్. గోపాల్‌పూర్ పేరు వెతికేవాళ్ళ కళ్ళకి అన్ని మంచాలూ ఒకలాగే ఉంటాయి, ఆ లైట్‌హౌస్ చూస్తే మాత్రం ఎక్కడో తెలిసిపోతుంది.

ఎక్కడో తెలియడం అన్నది మాకు పెద్ద తంటా. మా స్టేషను బరంపురం. బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బహరంపూర్ ఉంది, దానికీ ఇంగ్లీషులో దాదాపు ఇవే అక్షరాలు. గోపాల్‌పూర్ పేరుతో ఊళ్ళు బెంగాల్లోనూ ఒడిశాలోనూ బోలెడు. కోల్‌కతా నుంచి ఒకావిడ బుక్ చేసి, రైలు టిక్కెట్టు కొనబోతూ ఫోన్ చేశారు. "బహరంపూర్ కోర్ట్ స్టేషన్‌లో దిగితే మీ ఇల్లెంత దూరం?" అని. గుండె ఝల్లుమంది. ఆవిడ అడగబట్టి సరిపోయింది, లేకపోతే పిల్లల్ని వేసుకుని సముద్రమే లేని జిల్లాకి వెళ్ళేవారు. ఆ రోజే పేరు మార్చాను. "గోపాల్‌పూర్-ఆన్-సీ, గంజాం జిల్లా, ఒడిశా. లైట్‌హౌస్ దగ్గర తెలుగువాళ్ళ ఇంటి మేడ." కిందనే, రైలు టిక్కెట్టుకి స్టేషన్ కోడ్ బీఏఎం, అక్కణ్ణించి ఆటోలో 16 కిలోమీటర్లు అని. "తెలుగువాళ్ళ ఇల్లు" అని ఎందుకు, మిగతావాళ్ళు రారేమో అని మా వారు సందేహించారు. తీరా చూస్తే విశాఖ, విజయనగరం, హైదరాబాదు వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది ఆ ఒక్క మాటకే. పరాయి రాష్ట్రంలో చంటిపిల్లకి రాత్రి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మాట్లాడే మనిషి ఉన్నారన్న ధైర్యం అది. బెంగాలీలు ఆ మాటని పట్టించుకోనే లేదు.

బెంగాలీలకి కావలసింది వంటిల్లు. ఇది నాకు ఒక మెసేజీ నేర్పింది. దసరాకి వద్దామనుకుంటున్న ఒక కుటుంబం, "దిదీ, మీ వంటింట్లో చేప కోసుకోనిస్తారా?" అని అడిగింది. కోసుకోవచ్చు, మా కత్తిపీట ఉంది అని చెప్పి ఫోటో పంపాను. ఆవిడ ఎంత సంబరపడిందో! వాళ్ళ భాషలో దాన్ని బోటీ అంటారు, అచ్చం మనదే. హోటల్లో గదులు దొరుకుతాయి, పొద్దున్న ఒడ్డుకెళ్ళి పడవలోంచి దిగిన చేప కొనుక్కొచ్చి వండుకునే వీలు దొరకదు. అప్పట్నుంచి వంటింటి ఫోటోల్లో కత్తిపీట, లోతు మూకుడు, ఆవనూనె సీసా కనబడేలా పెట్టాను. అందులో ఒక షరతు కూడా రాశాను: చేప పొట్టు, పేగులు సింకులో వేయకూడదు, పెరట్లో మూత ఉన్న బకెట్టులో వేయాలి. ఎవరూ నొచ్చుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట బందు కాబట్టి ఆ రెండు నెలలూ చందువా, కోనాం లాంటివి అడిగినన్ని దొరకవని కూడా రాసి పెట్టాను. వేసవిలో చేపల కోసమే వచ్చి ఉసూరుమని వెళ్ళేవాళ్ళు ఆ తర్వాత లేరు.

ఒడ్డున ఉండే జాలర్లు మనవాళ్ళే. ఒడియావాళ్ళు నోలియాలంటారు. మా వీధికి చేపలు తెచ్చే అతను ఒకసారి గట్టిగా చెప్పాడు: "అమ్మా, మీ ఇంటికొచ్చినోల్లకి ముందే సెప్పండి, ఎక్కడబడితే అక్కడ దిగొద్దని. సూడ్డానికి లోతులేనట్టే ఉంటది, కిందనుంచి లాగేస్తాది." గోపాల్‌పూర్ సముద్రం ఈతకి మంచిది కాదు. ఇది నేను ప్రకటనలోనూ రాశాను, గది తలుపు వెనక నాలుగు భాషల్లో కాగితమూ అంటించాను: మోకాలి లోతు దాటొద్దు, నోలియాలు ఉన్నచోటే దిగండి, వాళ్ళు రమ్మంటే వెంటనే బయటికి రండి. ఈ కాగితం వల్ల ఒకరు ఎక్కువ వచ్చారో తక్కువ వచ్చారో నేను లెక్క చూసుకోలేదు.

ఒక రాత్రిని రెండు రాత్రులు చేయడం ఎలాగన్నది నాకు అసలు ప్రశ్న. వచ్చేవాళ్ళలో సగం మంది పూరీకి వెళ్తూనో వస్తూనో ఒక పూట ఆగేవాళ్ళు. సముద్రం చూశారు, లైట్‌హౌస్ ఎక్కారు, అయిపోయింది. వాళ్ళకి చుట్టుపక్కల ఏముందో తెలియదు. మా వారూ నేనూ కూర్చుని ఒక కాగితం తయారుచేశాం. రంభ దగ్గర చిలికా సరస్సు, ఇక్కణ్ణించి కారులో గంట ప్రయాణం, పొద్దున్న ఎనిమిది లోపు పడవెక్కితే ఎండ తగలదు. ఋషికుల్య నది ఒడ్డున కొండ మీద తారాతారిణి అమ్మవారి గుడి, మెట్లు 999, రోప్‌వే కూడా ఉంది, చైత్రమాసం మంగళవారాలు జాతర కాబట్టి పసిపిల్లలతో ఆ రోజుల్లో వెళ్ళొద్దు. బరంపురం దాటి 50 కిలోమీటర్లు వెళ్తే తప్తపాణి వేడినీళ్ళ బుగ్గ. ఇంకా పైకి గజపతి జిల్లాలో జీరంగ దగ్గర టిబెట్టువాళ్ళ బౌద్ధ విహారం, 2010లో దలైలామా ప్రారంభించారు, దానికి రోజంతా పెట్టుకోవాలి. బరంపురంలో పట్టుచీరలు ఏ వీధిలో చూడాలి, అప్పడాలూ వడియాలూ ఎవరి దగ్గర కొనాలి. రంగూను ఓడల కబుర్లు చివర ఒక పేరాగా రాశాను. మా మావగారి తండ్రి గురించి రెండు ముక్కలు, రేవు పాత గోడలు ఎక్కడ మిగిలాయో.

ఆ కాగితాన్ని ఇంట్లో పెడితే లాభం లేదు, అప్పటికే ఒక్క రాత్రికే బుక్ చేసి ఉంటారు. అందుకని ప్రకటనలోనే "రెండు రోజులుంటే ఇలా, మూడు రోజులుంటే ఇలా" అని పెట్టాను. మూడో రాత్రికి మూడు వందలు తగ్గించాను. ధర మొత్తం మళ్ళీ సర్దాను: మామూలు రోజుల్లో 1,800, శని ఆదివారాలు 2,300, దసరా నుంచి సంక్రాంతి దాకా 2,800. తగ్గించుకుంటూ పోయినప్పుడు రానివాళ్ళు పెంచాక వచ్చారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు గదులకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగడం కూడా కలిసొచ్చింది, చివర్లో కనబడే మొత్తం కాస్త తగ్గింది.

రంగూను పేరా చదివి కాకినాడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన నాన్న చిన్నప్పుడు బర్మా నుంచి కాలినడకన తిరిగొచ్చినవాళ్ళలో ఒకరట. ఇరవై ఒక్క మెట్లనీ కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కారు, వద్దంటే వినలేదు. సాయంత్రం మా వారితో రేవు గోడల దాకా నడిచి, అక్కడే చీకటి పడేదాకా కూర్చున్నారు.

శీతాకాలం, పండగలు సరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మేడ ఖాళీయే. వాన, ఉక్క, ఎర్రగా మరిగే సముద్రం. ఎవరొస్తారు? ఒక ఆగస్టులో గుంటూరు నుంచి ఒకాయన కూతుర్ని బరంపురంలో కాలేజీలో చేర్పించడానికొచ్చి మా ఇంట్లో నాలుగు రాత్రులున్నారు. ఊళ్ళో గదులు దొరకలేదట. అప్పుడు తట్టింది. సైన్సు చదువుల ఐసర్, ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, ఇంజనీరింగు కాలేజీలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. తల్లిదండ్రులు రావాల్సిందే, వచ్చేది వానల్లోనే. వాళ్ళకి సముద్రంతో పనిలేదు, పొద్దున్నే టిఫిను, బట్టలు ఆరేసుకునే చోటు, సంతకాలు పెట్టుకోడానికి ఒక బల్ల, ఇంటర్నెట్టు కావాలి. బల్ల కొన్నాను, డాబా మీద సగానికి రేకు వేయించాను. జూలై, ఆగస్టు నెలలకి వారం రోజుల ధర విడిగా పెట్టాను. ఆ పిల్లల్లో ఇద్దరి తల్లిదండ్రులు ఇప్పుడు ఏటా రెండుసార్లు వస్తారు. ఆ పిల్లలు ఆదివారం నాడు మా ఇంటికి భోజనానికొస్తారు, దానికి బుకింగ్ లేదు.

తాబేళ్ళ గురించి మొదట్లో నేను తప్పు చేశాను. ఫిబ్రవరి, మార్చిలో ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో గుడ్లు పెట్టడానికొస్తాయి. 2025 ఫిబ్రవరిలో 6 లక్షలకి పైగా వచ్చాయి. ప్రకటనలో "తాబేళ్ళని చూపిస్తాం" అని రాసేశాను. ఓ ఏడు హైదరాబాదు నుంచి ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం ఆ మాట పట్టుకుని వచ్చింది, మూడు రాత్రులు ఎదురుచూసింది, ఏమీ రాలేదు. కొన్నేళ్ళు అవి గుంపుగా రావు, ఎప్పుడొస్తాయో ముందు చెప్పలేం. చిన్నపాప వెళ్ళేటప్పుడు నా వైపు చూడకుండా ఆటో ఎక్కింది. ఒక రాత్రి డబ్బు తిరిగిచ్చేశాను, వాళ్ళు అడక్కపోయినా. ఆ వాక్యం తీసేసి ఇలా రాశాను: వస్తే అటవీశాఖ వాళ్ళు అనుమతించిన చోటు నుంచే చూడాలి, టార్చిలైట్లూ ఫ్లాషూ వద్దు, రాకపోతే మా చేతుల్లో లేదు. గుడ్లు పెట్టిన 45, 50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రం వైపు వెళ్ళాల్సినవి వీధి దీపాల వైపు వచ్చి చచ్చిపోతాయి. మా ఇల్లు మొగకి దూరమే అయినా ఆ రోజుల్లో డాబా మీద పెద్ద లైటు వెయ్యం, పొట్టి పసుపు బల్బు ఒకటి నేల వైపు తిప్పి పెడతాం. ఎందుకో చెప్తే పిల్లలే పరిగెత్తుకెళ్ళి స్విచ్చులు కట్టేస్తారు.

దసరా మాకు పంట. అదే తుపానుల కాలం కూడా. ఫైలిన్ 2013 అక్టోబరు 12న మా ఊరి దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఇంట్లో మేమెలా ఉన్నామో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. 2018లో తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే, 11న. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. వాతావరణ శాఖ గంజాంకి హెచ్చరిక ఇచ్చిందంటే, నేనే ఫోన్ చేసి రావద్దంటాను, మొత్తం డబ్బు వెనక్కిస్తాను. మొదటిసారి అలా చేసినప్పుడు రెండు కుటుంబాలవి కలిపి ఐదు రాత్రులు పోయాయి, పైగా ఆ తుపాను పక్కకి మళ్ళిపోయింది. మా వారు ఏమీ అనలేదు గానీ నోటుబుక్కు కాసేపు చూశారు. ఆ రెండు కుటుంబాల్లో ఒకటి డిసెంబరులో వచ్చింది, ఇంకోటి వాళ్ళ అన్నగారి కుటుంబాన్ని పంపింది.

రెండు సైట్లలో పెట్టాక ఒకే తేదీకి ఇద్దరు బుక్ చేసిన ఘోరం కూడా జరిగింది, అదీ క్రిస్మస్ ముందురోజు. క్యాలెండర్లు ఒకదాన్నొకటి చూసుకుంటాయి గానీ వెంటనే కాదు, కొన్ని గంటలు పడుతుంది. రెండో కుటుంబానికి మా పడక గది ఇచ్చి మేం హాల్లో చాప వేసుకున్నాం. ఇప్పుడు ఒకచోట బుకింగ్ రాగానే రెండోచోట నా చేత్తో తేదీ మూసేస్తాను.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను, విసుగొచ్చే పనే గానీ చేసేయాలి. హోమ్‌స్టే నమోదు చేయించుకున్నాం. కేంద్రం పథకంలో ఆరు గదులు, పన్నెండు మంచాల లోపు, ఇంటివాళ్ళు అక్కడే ఉండాలి. వచ్చిన ప్రతివాళ్ళ గుర్తింపు కాగితం చూసి రిజిస్టరులో రాస్తాం. విదేశీయులైతే 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. రిజిస్టరు సరిగ్గా ఉందని తెలిశాక బైకుల మీద వచ్చే గుంపులు వాటంతటవే తగ్గాయి.

రివ్యూలు అడగడం నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళని మెచ్చుకోమని ఎలా అడుగుతాం? మా తోడికోడలి కూతురే దారి చెప్పింది. వెళ్ళే ముందురోజు సాయంత్రం డాబా మీద టీ ఇచ్చి, "ఏం ఇబ్బంది పడ్డారు?" అని అడుగుతాను. అప్పుడు చెప్తారు: దిండు గట్టిగా ఉంది, దోమతెర చిరిగింది, గీజరు స్విచ్చి ఏదో తెలియలేదు. ఆ రాత్రికే సరిచేయగలిగినవి చేస్తాను. నోటితో నాకు చెప్పుకున్న కష్టాన్ని మళ్ళీ రివ్యూలో రాసినవాళ్ళు చాలా తక్కువ. ఎయిర్‌బిఎన్‌బి సైటులో ఇంటివాళ్ళకీ వచ్చినవాళ్ళకీ పద్నాలుగు రోజుల గడువుంటుంది, ఇద్దరూ రాసేదాకా, లేదంటే గడువు అయ్యేదాకా, ఒకరిది ఇంకొకరికి కనబడదు. అందుకని నేను మర్నాడే వాళ్ళ గురించి రాసేస్తాను. అప్పుడు వాళ్ళకి కబురెళ్తుంది, ఇటునుంచి రాశారని. ఆ పాత రెండు నక్షత్రాల రివ్యూ ఇంకా అక్కడే ఉంది. దాని కింద, "మీ అమ్మగారికి కలిగిన కష్టానికి క్షమించండి. మెట్ల సంగతి ముందే రాయకపోవడం నా తప్పు. ఇప్పుడు రాశాను" అని జవాబు పెట్టాను. కొత్తగా వచ్చేవాళ్ళు చాలామంది ఆ జవాబు చదివామని చెప్పారు.

మెసేజీలకి జవాబు మాత్రం పొయ్యి మీద పాలున్నా వదిలి ఇస్తాను. ఒకేసారి మూడు నాలుగు ఇళ్ళవాళ్ళని అడుగుతారు, ముందు పలికినవాళ్ళ దగ్గరికి వెళ్తారు. ఒడియాలో వస్తే మా వారు చూస్తారు, తెలుగు, హిందీ నావి, బెంగాలీ ఫోను చదివిపెడుతుంది, రెండు మాటలు నేనూ నేర్చుకున్నాను.

పోయిన నెల నోటుబుక్కులో పదిహేడు రాత్రులున్నాయి. అంతకు ముందు నెల పధ్నాలుగు. ఊచలకి ఈసారి తుప్పు పట్టని రంగు వేయించాం, ఆ డబ్బు మేడే ఇచ్చింది. ఈ గురువారం విశాఖ నుంచి ఒక జంట వస్తున్నారు, రెండేళ్ళ పాపతో. మెట్ల పైన గేటుందా అని నిన్న అడిగారు. లేదు, గురువారం లోపు పెట్టిస్తాను అని రాశాను. వడ్రంగి పొద్దున్నే వచ్చి కొలత తీసుకెళ్ళాడు.